పెరటి ముచ్చట్లు: మొక్కకేం కావాలో పిల్లలకు చెబుదామా?

పోయిన వారం ఆవకాయ జాడీకి వాసెన కట్టే ముచ్చట చెప్పుకున్నాం కదా. ఈ వారం వంటింట్లోంచి కాస్త పెరట్లోకి పోదాం. పెరడు లేనివాళ్ళు మిద్దె మీదికి రండి. అదీ లేకపోతే కిటికీ దగ్గర జానెడు చోటున్నా చాలు.

రోళ్ళు పగలగొట్టే రోహిణి కార్తె పోయింది. మృగశిర వచ్చింది. మా కడపలో రెండు జల్లులు పడి మట్టి వాసన లేచింది. బడులూ తెరిచారు. పిల్లల చేత ఒక మొక్క పెట్టించడానికి ఇంతకంటే మంచి అదను లేదు. అందుకని ఈ వారం ముచ్చట పిల్లల కోసం రాస్తున్నాను. మీరు చదివి వాళ్ళకు చెప్పినా సరే, ఈ పేజీ వాళ్ళ చేతికే ఇచ్చినా సరే. మధ్యమధ్య నేను వాళ్ళతోనే మాట్లాడతాను, మీరేమీ అనుకోవద్దు.

ముందు మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. చెప్పడానికి కొంచెం మొహమాటంగానే ఉంది. అయినా ఆడవాళ్ళ పత్రికలో కాకపోతే ఇంకెక్కడ చెప్పుకుంటాం?

మల్లెమొక్క పోయింది

రెండేళ్ళ కిందట మా పాప తొమ్మిదో తరగతి చదివేది. పండక్కి వచ్చిన డబ్బులతో నర్సరీలో ఒక మల్లెమొక్క కొనుక్కుంది. ఇంట్లో ఉన్న పాత పెయింటు డబ్బాలో మట్టి నింపి నాటింది. పొద్దున లేస్తూనే దాని దగ్గరికి పరుగు. బడి నుంచి వస్తూనే మళ్ళీ పరుగు. పదిహేను రోజులు బాగానే ఉంది. తర్వాత ఆకులు పసుపుపచ్చగా మారాయి. ఒకటొకటే రాలాయి. ఇరవై అయిదో రోజుకి పుల్లలు మిగిలాయి.

మా అత్తమ్మ చూసి, "ఆ మూడు దినాలూ చెట్టు దగ్గరికి పోవద్దంటే ఇనలేదు. అందుకే మాడిపాయ" అనేసింది.

పాప ఒక్క మాట మాట్లాడలేదు. తలొంచుకుని లోపలికి పోయింది. మా చిన్నోడు అప్పుడు ఆరో తరగతి. వాడు ఊరుకోకుండా, "అక్క చెయ్యి మంచిది కాదులే జేజీ" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి పాప మొక్కల వైపు పోవడం మానేసింది. నేను కరివేపాకు రెబ్బ తుంచుకు రమ్మంటే కూడా, "తమ్ముణ్ణి పంపమ్మా" అనేది.

నా మనసు చివుక్కుమంది. ఎందుకంటే అదే మాట నేనూ పడ్డాను. నంద్యాల దగ్గర మా పల్లెలో, నాకు పదమూడేళ్ళప్పుడు, పెరట్లో కరివేపాకు చెట్టు ఎండితే మా జేజి నా వైపే చూసింది. ఆ తర్వాత నేను ఇంటర్లో బైపీసీ చదివాను. వేరు, కాండం, ఆకు అన్నీ బొమ్మలేసి మార్కులు తెచ్చుకున్నాను. అయినా ఆ చెట్టు ఎందుకు పోయిందని నోరెత్తి అడగలేదు. మెట్టినింట్లోనూ అడగలేదు. ఇప్పుడు నా కూతురు కూడా అలాగే తలొంచుకుంటే ఊరుకోబుద్ధి కాలేదు.

మరుసటి రోజు పాపనీ చిన్నోణ్ణీ కూర్చోబెట్టి ఆ డబ్బాను బోర్లించాను. మట్టి ముద్దగా, జిగటగా వచ్చింది. మురుగు కాలువ వాసన కొట్టింది. వేళ్ళు నల్లబడి, పట్టుకుంటే పైతోలు ఊడి వస్తోంది. డబ్బా అడుగున చూస్తే ఒక్క చిల్లు లేదు!

"ఈ మొక్కకు ఎవరెవరు నీళ్ళు పోశారో నిజం చెప్పండి" అన్నాను. పాప పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు. అక్కకు సాయమని చిన్నోడు బడి నుంచి రాగానే ఒక చెంబు. బియ్యం కడిగిన నీళ్ళు పారేయడం ఎందుకని నేనొక గిన్నెడు. ఇక మా అత్తమ్మ స్నానం చేసి తులసమ్మకు పోసి, మిగిలిన చెంబెడు పక్కనే ఉన్న మల్లెకు పోసేదట. ఆ మాట ఆమే చెప్పింది. నాలుగు చేతులు పోసిన నీళ్ళకు ఒక్క చేతి మీద నింద పడింది.

చూశారా పిల్లలూ! మొక్క చనిపోతే "నా చెయ్యి మంచిది కాదు" అనుకోవద్దు. దానికి ఏది తక్కువైంది, ఏది ఎక్కువైంది అని వెతకండి. మొక్కకు కావలసినవి ఆరు: వెలుతురు, గాలి, నీళ్ళు, తిండి, వేడి, చోటు. ఉగాది పచ్చడిలో ఆరు రుచులు ఉన్నట్టే. ఒకటి లేకపోయినా పచ్చడి కుదరదు. ఒకటే ఎక్కువేసినా నోట పెట్టలేం. ఒక్కొక్కటీ చూద్దాం.

వెలుతురు

మీ ఇంట్లో వంట ఎక్కడ చేస్తారు? వంటింట్లో. మొక్కకు వంటిల్లు ఆకు. అందులో పొయ్యి మంట సూర్యుడి వెలుతురు. ఆకులో ఉండే పచ్చటి పదార్థాన్ని పత్రహరితం అంటారు, మీ పుస్తకాల్లో ఉంటుంది. అది వెలుతురును పట్టుకుని, వేళ్ళు పంపిన నీళ్ళనూ ఆకు పీల్చిన గాలినీ కలిపి చక్కెర తయారు చేస్తుంది. ఆ చక్కెరే మొక్క ఒళ్ళంతా అవుతుంది. మనం తినే జొన్న, కొర్ర, వేరుశనగ అన్నీ మొదట ఆకులో వండినవే.

కాబట్టి పూలు, కాయలు ఇచ్చే మొక్కను నట్టింట్లో అలంకారానికి పెడితే అది పస్తు ఉన్నట్టే. మల్లె, బంతి, టమాట, వంగ, మిరపకు రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. ఆకుకూరలు అందులో సగం ఉన్నా సర్దుకుంటాయి.

గాలి

మొక్కకు గాలి రెండు చోట్ల కావాలి. ఒకటి ఆకుకు. ఆకు అడుగున కంటికి కనిపించని సన్నటి రంధ్రాలుంటాయి. వాటిలోంచి మొక్క కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుంది. ఇది గాలిలో ఎంతో ఉండదు, పదివేల పాళ్ళలో నాలుగు పాళ్ళు. అంత కొంచెంతోనే చెట్లు చెట్లంతా తయారవుతున్నాయి!

దీని గురించి ఒక కథ ఉంది. ఇప్పటి బెల్జియం దేశంలో వాన్ హెల్మాంట్ అనే వైద్యుడు ఉండేవాడు. చెట్టు మట్టిని తిని పెరుగుతుందా అని ఆయనకు అనుమానం వచ్చింది. ఎండబెట్టిన మట్టి సుమారు 90 కిలోలు తూచి ఒక తొట్టిలో పోసి, రెండుంబావు కిలోల విల్లో మొక్క నాటాడు. అయిదేళ్ళు నీళ్ళు మాత్రమే పోశాడు. తర్వాత తూస్తే చెట్టు సుమారు 77 కిలోలు! మట్టిని మళ్ళీ ఎండబెట్టి తూస్తే తగ్గింది 60 గ్రాములకు లోపే. "అయితే చెట్టంతా నీళ్ళతోనే తయారైంది" అని రాసుకున్నాడు. ఆయన పోయాక 1648లో ఆ పుస్తకం అచ్చయింది. మట్టిని తినలేదన్నంతవరకు ఆయన మాట సరైనదే. కానీ గాలిని మరిచిపోయాడు. మొక్కలు గాలిని మారుస్తాయని ఇంగ్లండులో ప్రీస్ట్లీ 1771లో పుదీనా మొక్కతో చూశాడు. ఆ పనికి వెలుతురు కావాలని 1779లో ఇంగెన్‌హౌస్ అనే డాక్టరు చూపించాడు. అంత పెద్దాయన కూడా నీళ్ళ దగ్గరే ఆగిపోయాడంటే, కరువు సీమలో పుట్టిన మనం మొక్క అనగానే నీళ్ళొక్కటే తలుచుకోవడంలో వింతేముంది?

ఇక రెండోది వేళ్ళకు కావలసిన గాలి. ఇదే మా మల్లె దగ్గర మేం మరిచిపోయింది. వేళ్ళూ మనలాగే ఊపిరి తీసుకుంటాయి. మట్టి రేణువుల మధ్య సందుల్లో గాలి ఉంటుంది. రోజంతా ఆ సందులు నీళ్ళతో నిండిపోతే వేళ్ళకు ఊపిరాడదు, కుళ్ళిపోతాయి. కుళ్ళిన వేళ్ళు నీళ్ళు పీల్చలేవు. అప్పుడు మొక్క పైన వాడిపోతుంది. మనమేమో "అయ్యో, దప్పిక" అని ఇంకో చెంబు పోస్తాం!

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు ఊళ్ళోకి వచ్చాయి. అప్పుడు మేం ఆ ఊళ్ళోనే అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నీళ్ళు దిగాక తిరిగి వస్తే ఇంట్లో, పెరట్లో మోకాటిలోతు ఒండ్రు. బోకులు, బట్టలు, బియ్యం పోయిన దుఃఖంలో చెట్ల సంగతి ఎవరికి పట్టింది? నెల తర్వాత చూస్తే ఆ ఇంటివాళ్ళ కరివేపాకు చెట్టు నిలువునా ఎండిపోయి ఉంది. నీళ్ళ కోసం బిందెలు మోసే సీమలో, నీళ్ళెక్కువై చెట్టు చావడం అప్పుడు చూశాను. ఆ సంగతి మల్లెమొక్క దాకా నాకు గుర్తు రాలేదు.

"మరి వరి నీళ్ళలోనే నిలబడుతుంది కదమ్మా?" అని చిన్నోడు అడిగాడు. మంచి ప్రశ్న. మా నాయనకు కేసీ కాలువ కింద రెండెకరాల వరి మడి ఉండేది. సుంకేశుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా 1860లలో తవ్వించిన కాలువ అది. వరి కాడ లోపల గొట్టాల్లాంటి ఖాళీలుంటాయి. వాటిగుండా పైగాలి వేళ్ళ దాకా దిగుతుంది. ఆ ఏర్పాటు మల్లెకు లేదు, కరివేపాకుకు లేదు. ఎవరి ఒళ్ళు వాళ్ళది.

నీళ్ళు

నీళ్ళు అక్కర్లేదని అనడం లేదు. తెలిసి పోయమంటున్నాను. మన కర్నూలు, కడప జిల్లాల్లో ఏడాదికి పడే వాన 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ వాన కూడా చెప్పి రాదు. అలాంటి చోట ఒక చెంబు వృథా చేయడం కూడా తప్పే.

మా నాయన నేర్పిన పరీక్ష ఒకటి చెబుతాను. చూపుడు వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చండి. తడి తగిలితే ఆ రోజు నీళ్ళు వద్దు. పొడిగా ఉంటే అడుగు చిల్లులోంచి నీళ్ళు కారేదాకా పోయండి, ఆపేయండి. రోజూ చిలకరించినట్టు పైపైన పోస్తే వేళ్ళు పైకే వస్తాయి, ఎండకు మాడతాయి. నిండుగా పోసి, ఆరనిచ్చి, మళ్ళీ పోస్తే వేళ్ళు లోపలికి దిగుతాయి.

పొద్దున ఎండ ఎక్కక ముందు పోయడం మంచిది. మిట్టమధ్యాహ్నం పోస్తే చాలావరకు ఆవిరైపోతుంది. పాదు మీద ఎండుటాకులో, వేరుశనగ పొట్టో పరిస్తే తడి నిలుస్తుంది. నేలలో పెట్టిన మొక్కకు ఇంకో ఉపాయం ఉంది. పాత మట్టికుండను మొక్క పక్కన గొంతు దాకా పాతి, నీళ్ళు నింపి, మూత పెట్టండి. కుండ తనంతట తానే చెమర్చి, వేళ్ళకు కావలసినంత ఇస్తుంది. ఊరికి పోయినా నాలుగు రోజులు బెంగ ఉండదు.

బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్ళు నిశ్చింతగా పోయొచ్చు. సబ్బు నీళ్ళు మాత్రం తినే మొక్కలకు పోయకండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఇళ్ళలో మట్టి మీద తెల్లటి పొర పేరుతుంది. అది కనిపిస్తే పైమట్టి ఒక వేలెడు తీసేసి కొత్తది వేయండి. వాన పడినప్పుడు తొట్లను బయట పెట్టి బాగా తడవనిస్తే ఉప్పు దిగిపోతుంది.

తిండి

"ఆకు వండుకుంటుంది కదా, మళ్ళీ తిండి ఎందుకు?" అంటారేమో. మనం అన్నం వండుకున్నా ఉప్పు, పప్పు, ఆకుకూర కావాలి కదా! మొక్కకూ మట్టిలోంచి కొన్ని సారాలు కావాలి. ముఖ్యమైనవి మూడు. ఆకు పచ్చగా పెరగడానికి నత్రజని, వేరూ పూతా బాగుండడానికి భాస్వరం, కాయకూ మొక్క బలానికీ పొటాష్. ఇవి కాక సున్నం, ఇనుము లాంటివి చిటికెడు చిటికెడు కావాలి.

పిల్లల మొక్కకు ఇవన్నీ కొనక్కర్లేదు. బాగా మాగిన పశువుల ఎరువు, లేదా వంటింటి తొక్కలు కుళ్ళబెట్టి చేసిన ఎరువు చాలు. పచ్చి పేడ వేయవద్దు, మాగేటప్పుడు వేడి పుట్టి వేళ్ళను కాలుస్తుంది. యూరియా అసలే వద్దు. మా పక్కింటి పాప తొందరగా పెరగాలని వంగమొక్కకు గుప్పెడు యూరియా వేసింది. రెండో రోజుకే మాడిపోయింది. మామిడి ముక్కల మీద ఉప్పు చల్లితే ఊట ఎలా బయటికి వస్తుందో చూశారు కదా? వేళ్ళ చుట్టూ ఎరువు ఎక్కువైతే వేళ్ళలోని నీళ్ళూ అలాగే బయటికి వచ్చేస్తాయి. తడి మట్టిలో ఉండి కూడా మొక్క దప్పికతో పోతుంది.

మట్టి సంగతి కూడా ఇక్కడే చెబుతాను. నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి. అది నీళ్ళను గట్టిగా పట్టి ఉంచుతుంది. అందుకే వానలు వెనకబట్టాక విత్తిన శనగ, పైన ఒక్క తడి లేకుండా, మట్టిలోని పదునుతోనూ మంచుతోనూ పండుతుంది. కానీ అదే రేగడి డబ్బాలో నింపితే తడిసినప్పుడు జిగురు, ఆరినప్పుడు బండ. మేం చేసింది ఆ తప్పే. మా అన్న నంద్యాల నుంచి వస్తూ తెచ్చిన "మంచి మట్టి" కదా అని మురిసిపోయి నింపాం. డబ్బాలకు ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, మాగిన ఎరువు ఒక పాలు కలిపితే నీళ్ళూ నిలుస్తాయి, గాలీ ఆడుతుంది.

వేడి, చోటు

ఇవి రెండూ తొందరగా చెప్పేస్తాను. మన వేసవిలో ఎండ 42, 43 డిగ్రీలు దాటుతుంది. బండలు పరిచిన మిద్దె మీద చెప్పుల్లేకుండా నిలబడి చూడండి, రేకు డబ్బాలో వేళ్ళకు ఎలా ఉంటుందో తెలుస్తుంది. డబ్బా కింద రెండు ఇటుకలు పెట్టండి, చుట్టూ తడి గోనెపట్టా చుట్టండి, మధ్యాహ్నం పూట పైన పాత చీర కట్టండి. కొత్తిమీర లాంటివి ఈ వేడికి ఓర్వవు. దసరా దాటాక వేసుకోండి.

చోటు అంటే, ఒక కంచంలో పదిమంది తింటే ఎవరికీ కడుపు నిండదు. తోటకూర ఒత్తుగా మొలిస్తే మధ్యమధ్య పీకేయాలి. మా చిన్నోడు "పాపం కదమ్మా" అని ఏడ్చాడు. పీకినవాటిని పప్పులో వేసి పెడితే ఊరుకున్నాడు.

డబ్బాల పరీక్ష

ఇదంతా చెప్పాక కూడా పాప ముఖంలో నమ్మకం రాలేదు. "నువ్వు అమ్మవి కాబట్టి అంటున్నావు" అంది. అందుకని పరీక్ష పెట్టాం. మీరూ చేసి చూడండి. ఖర్చేమీ లేదు. ఆరు ఖాళీ డబ్బాలు, గుప్పెడు పెసలు చాలు. మట్టి అన్నిట్లో ఒకటే పోయాలి. పెసలు రాత్రి నానబెట్టి, డబ్బాకు అయిదు చొప్పున వేలెడు లోతున పెట్టాలి.

మొదటి డబ్బాను చీకట్లో, అట్టపెట్టె బోర్లించి ఉంచాం. రెండోదానికి మొలక వచ్చాక నీళ్ళు ఆపేశాం. మూడోదానికి అడుగున చిల్లు పెట్టకుండా, ఎప్పుడూ నీళ్ళు నిలిచేలా పోశాం. నాలుగోదాంట్లో అయిదుకు బదులు యాభై గింజలు పోశాం. అయిదోది, ఆరోది రెండూ ఒకేలాంటివి. చిల్లులున్నాయి, ఎండ ఉంది, వేలు గుచ్చి చూసి నీళ్ళు పోయాలి. అయిదోదానికి పాప మాత్రమే పోయాలి. ఆరోదానికి చిన్నోడు మాత్రమే పోయాలి. నెల రోజులు. ఏ రోజూ వదిలిపెట్టకూడదు.

"ఏ రోజూ అంటే?" అని పాప మెల్లగా అడిగింది.

"ఏ రోజూ" అన్నాను.

చీకటి డబ్బాలోని మొలకలు ముందు వారం అన్నిటికంటే పొడుగు పెరిగాయి. చిన్నోడు గంతులేశాడు. కానీ అవి పాలిపోయి, దారంలా సన్నగా ఉన్నాయి. వెలుతురును వెతుక్కుంటూ, గింజలో ఉన్న తిండినంతా ఖర్చు పెట్టుకుని సాగాయన్నమాట. గింజలో సత్తువ అయిపోగానే వాలిపోయాయి. నీళ్ళు ఆపినవి మొదట వాడి, తర్వాత ఎండాయి. నీళ్ళు నిలిచినవాటిలో రెండే మొలిచాయి, అవీ పసుపెక్కి కుళ్ళాయి. యాభై గింజల డబ్బాలో అన్నీ మొలిచాయి గానీ ఒక్కటీ బలంగా లేదు.

ఇక అయిదు, ఆరు డబ్బాలు. నెల చివర పాప తన లెక్కల స్కేలు తెచ్చి కొలిచింది. రెండూ ఒకటే పచ్చగా, ఒకటే ఎత్తుగా ఉన్నాయి. పాప డబ్బాలో ఒక మొక్క వేలెడు ఎక్కువ. "అక్కదే గెలిచింది" అన్నాడు చిన్నోడు. "కాదురా, నాది గోడకు ఇవతల ఉంది, ఎండ ఎక్కువ తగిలింది" అంది పాప. ఆ మాట విన్నాక నాకు ఎంత తృప్తిగా ఉందో! మొక్క పోతే తన చెయ్యే కారణమనుకున్న పిల్ల, మొక్క బాగా పెరిగినప్పుడు కూడా కారణం వెతుకుతోంది.

ఆ నెలలో పాపకు ఆ మూడు రోజులూ వచ్చాయి. ఆ మూడు రోజులూ తనే నీళ్ళు పోసింది. ఆకు ఒక్కటీ రాలలేదు. మా అత్తమ్మ అన్నీ చూస్తూనే ఉంది. ఆమె వచ్చి "నేననింది తప్పు" అని చెప్పలేదు, మేమూ అడగలేదు. పెద్దామె. తన తులసి కోట దగ్గర తన పద్ధతులు తనవి, ఆ జోలికి మేం పోలేదు. కానీ ఒక సాయంత్రం ఎండ గోడ దాటిపోతుంటే వాకిట్లో కూర్చునే కేకేసింది: "పాపా, నీ డబ్బా నీడలో పడింది సూడమ్మే, ఇవతలికి జరుపు!" పాప నా వైపు చూసి నవ్వింది. నాకు అది చాలు.

నెలసరి రోజుల్లో ఆడపిల్ల ఒంటి నుంచి మొక్కను చంపేదేదీ రాదు. ఆ రోజుల్లో బరువులు ఎత్తకుండా విశ్రాంతి ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, బిందె మోయించకండి. కానీ మొక్క ఎండితే ఆ నింద పిల్ల మీద వేయకండి. ఒకసారి "నా చెయ్యి చెడ్డది" అనుకున్న పిల్ల, రేపు లెక్క తప్పినా, కూర మాడినా అదే అనుకుంటుంది.

పిల్లలు గుర్తుంచుకోవలసినవి

• ఆకులు పసుపెక్కి, మట్టి తడిగా ఉంటే: నీళ్ళు ఎక్కువయ్యాయి. మూడు రోజులు ఆపి, అడుగు చిల్లు మూసుకుపోయిందేమో చూడండి.

• ఆకులు వాడి, మట్టి పొడిగా ఉంటే: దప్పిక. నీడకు జరిపి నిండుగా పోయండి.

• కాడ సన్నగా సాగి ఒక పక్కకు వంగితే: వెలుతురు చాలలేదు. ఎండకు ఒక్కసారిగా పెట్టకండి, రోజుకు కొంచెం అలవాటు చేయండి.

• అడుగు ఆకులు ముందు పాలిపోతూ, మొక్క ఎదగకపోతే: తిండి చాలలేదేమో. గుప్పెడు మాగిన ఎరువు వేసి పైమట్టి కదపండి.

• ఆకు అంచులు మాడితే: ఎండ వేడో, ఉప్పునీళ్ళో, ఎరువు ఎక్కువో చూడండి.

• ఒక మొక్కకు నీళ్ళు పోసేది ఒక్కరే. మిగతావాళ్ళు అడిగి పోయాలి. మా ఇంట్లో ఇప్పుడిది చట్టం!

• మొదటిసారి పెట్టేవాళ్ళు మెంతులు, తోటకూర, గోంగూరతో మొదలుపెట్టండి. మెంతులు నాలుగు రోజుల్లో మొలిచి, నెలలోపే కూరకొస్తాయి. పిల్లలకు అంతకంటే ఓపిక ఉండదు.

పిల్లల చేత్తో పెంచిన ఆ మొదటి గుప్పెడు మెంతికూరను పెసరపప్పులో వేసి, రెండు ఎండుమిరపకాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలతో తిరగమోత పెట్టండి. వేడి వేడి జొన్నరొట్టెలోకి పెట్టి చూడండి. ఆకుకూర వద్దని మారాం చేసే పిల్లలు గిన్నె నాకేస్తారు. పెట్టేటప్పుడు నలుగురిలో, "ఇది మా పాప పెంచింది" అని ఒక్క మాట చెప్పండి.

అన్నట్టు, పాప మళ్ళీ మల్లెమొక్క తెచ్చింది. ఈసారి డబ్బాకు అయిదు చిల్లులు తనే మేకుతో కొట్టింది. ఈ ఏప్రిల్‌లో విరగబూసింది. మొదటి మూర మాల జేజి కొప్పులోకే పోయింది.

వచ్చే వారం వానాకాలంలో పప్పుదినుసులు పురుగు పట్టకుండా దాచుకునే ముచ్చట. మీ పిల్లల మొక్కలు ఎలా ఉన్నాయో రాయండి. చచ్చిపోయిన మొక్కల సంగతి కూడా సిగ్గుపడకుండా రాయండి. అందరం కలిసి కారణం వెతుకుదాం.

ఉంటానమ్మా.